కొవ్వొత్తుల కానుక – కట్టవలసిన తీరు

(బరంపురంలో ఉగాది సన్నాహ సమావేశమున చదివిన ప్రసంగపాఠము)



ఉగాదికి ఇంటింటికీ ఒక కొవ్వొత్తుల పొట్లము కానుకగా పంచవలెనని మన సంఘము నిశ్చయించినది. మన ఇళ్ళకే గాక ఇరుగుపొరుగు ఒడియా కుటుంబాలకు కూడా ఇవ్వవలెనని మహిళా విభాగమువారు సూచించినారు. ఆ పొట్లము ఎట్లు కట్టవలెను అన్న ప్రశ్న వచ్చినప్పుడు కార్యదర్శిగారు మావైపు చూచినారు. రైల్వే పార్సెలు ఆఫీసులో గుమాస్తా పని చేసేవారికి మూటలూ బుట్టలూ తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తాయన్నారు. సాహిత్యమునుగూర్చి మాట్లాడే పాండిత్యము మాకు లేదు. మూటలనుగూర్చి మాత్రము నాలుగు మాటలు మనవి చేసికొంటాము.

కరెంటు దీపాలు, ఇన్వర్టర్లు, చేతిలోని ఫోనులోనే దీపము ఉన్న ఈ రోజులలో కొవ్వొత్తి దేనికి అని కొందరు కుర్రవాళ్ళు అడిగినారు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను మన గోపాలపురము దగ్గరనే తీరము దాటినది. స్తంభాలు ఒరిగి, తీగెలు తెగి, రోజుల తరబడి ఊరిలో కరెంటు లేదు. మొదటి రాత్రి ఫోనులు వెలిగినవి. రెండవ రాత్రికి వాటికి ప్రాణము పోయినది. అప్పుడు ఇంటిలో నాలుగు కొవ్వొత్తులు ఉన్నవారే భాగ్యవంతులు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి మన గంజాం, గజపతి జిల్లాలతోపాటు శ్రీకాకుళములోని మన చుట్టాల ఇళ్ళను కూడా చీకటి చేసినది. మన తీరానికి ఏప్రిల్ నుండి జూన్ వరకు ఒక తుపాను కాలము, అక్టోబరు నుండి డిసెంబరు వరకు మరొకటి. కావున ఉగాదినాడు ఇచ్చే కొవ్వొత్తి వేళకు అందే కానుకయే.

అయితే ఆ కానుకను ఎట్లు చుట్టి ఇస్తున్నాము అన్నది చిన్న సంగతి కాదు. ఇప్పుడు దుకాణాలలో దొరికే కానుక కొవ్వొత్తిని చూడండి. కొవ్వొత్తిపైన ప్లాస్టిక్ పొర, దానిపైన అట్టపెట్టె, ఆ పెట్టెకు కిటికీవంటి మరొక ప్లాస్టిక్ ముక్క, ఆపైన మెరుపు కాగితము, దానికి అంటించిన టేపు, పైన నైలాను రిబ్బను పువ్వు. కొవ్వొత్తి వెలిగేది నాలుగు గంటలు. ఈ చుట్టు మాత్రము మన మనుమల కాలమునాటికి కూడా మట్టిలో కలియదు. ఇంటికి ఒకటి చొప్పున రెండువందల పొట్లాలు పంచినామనుకొండి. మరునాటి ఉదయానికి రెండువందల ప్లాస్టిక్ పొరలు, రెండువందల రిబ్బనులు వీధిలోకి వస్తాయి. వీధిలోనుండి అవి కాలువలోకి పోతాయి. తుపాను వాన కురిసిన రాత్రి నీరు పోవలసిన ఆ కాలువే పూడిపోయి ఉంటే మురుగునీరు మన గడప ఎక్కుతుంది. చీకటిలో పనికివస్తుందని దీపమును ఇచ్చి, ఆ చేతితోనే వరదను కూడా ఇచ్చినట్లు అవుతుంది.

ప్రభుత్వమువారు కూడా ఈ విషయమున ఊరకుండలేదు. ఒడిశాలో 2018 అక్టోబరు 2 నుండి మన బరంపురముతో సహా కొన్ని పట్టణాలలో ప్లాస్టిక్ నిషేధము మొదలైనది. 2022 జూలై 1 నుండి దేశమంతటా మిఠాయి పెట్టెలమీద, శుభలేఖలమీద, సిగరెట్టు పెట్టెలమీద చుట్టే ప్లాస్టిక్ పొరను నిషేధించినారు. మిఠాయి పెట్టెకు కూడనిది కొవ్వొత్తి పెట్టెకు మాత్రము శోభ ఎట్లా అవుతుంది?

ఇక్కడ ఒక చిన్న పరీక్ష చెబుతాము. దుకాణములో కాగితమని ఇచ్చేదంతా కాగితము కాదు. దానిని పిడికిట గట్టిగా నలిపి వదలండి. నలిగినది నలిగినట్లే ముద్దగా ఉంటే కాగితము. మెల్లగా విప్పుకొని మళ్ళీ సాగితే అందులో ప్లాస్టిక్ పొర ఉన్నదన్నమాట. తళుకుపొడి చల్లిన కాగితాన్ని పరీక్షించ పనిలేదు. ఆ తళుకు చాలవరకు ప్లాస్టిక్ నలుసే. పారదర్శకముగా ఉండే సెలోఫేన్ అన్నది మొదట కర్రగుజ్జుతో చేసిన సరుకే గాని, నేడు బజారులో ఆ పేరుతో అమ్మేది ఎక్కువగా ప్లాస్టిక్కే.

ఇక కొవ్వొత్తికి నిజముగా ఏమి కావలెనో చూతము. పార్సెలు ఆఫీసులో మేము మొదట అడిగే ప్రశ్న ఇదే: సరుకు దేనికి భయపడుతుంది? గాజు దెబ్బకు భయపడుతుంది. పండు ఒరిపిడికి భయపడుతుంది. బెల్లము చెమ్మకు భయపడుతుంది. ఆ భయమునుబట్టి కట్టు.

కొవ్వొత్తి అన్న మాటలోనే కొవ్వు ఉన్నది. పూర్వము జంతువుల కొవ్వుతో చేసేవారు. నేడు మనము కొనేది ఎక్కువగా పెట్రోలియమునుండి వచ్చే పారఫిన్ మైనము. ఇది రకమునుబట్టి సుమారు 46 నుండి 68 డిగ్రీల వేడికి కరుగుతుంది. కరగడానికి చాలాముందే మెత్తబడుతుంది. వేసవిలో మన రేకుల ఇంటి అటకమీద నిలబెట్టిన కొవ్వొత్తి వైశాఖము వచ్చేసరికి నడుము వంచుతుంది. కావున మొదటి భయము వేడి. రెండవది విరుగుట. మూడవది దుమ్ము, మైనముమీద పడితే అతుక్కొని వదలదు. నాలుగవది వాసన కలిపిన కొవ్వొత్తులకే: తెరచి ఉంచితే ఆ వాసన క్రమముగా ఎగిరిపోతుంది.

మరి నీరో? చాలమంది నీటికి భయపడే ప్లాస్టిక్ చుడతారు. మైనమునకు నీటివలన కీడేమీ లేదు. వత్తి కొన తడిస్తే కొంతసేపు చిటపటలాడుతుంది, ఆరితే మళ్ళీ వెలుగుతుంది. నీటికి భయపడేది పక్కన ఉండే అగ్గిపెట్టె. దానిని ఖాళీ ఊరగాయ సీసాలోనో హార్లిక్స్ సీసాలోనో వేసి మూత బిగిస్తే చాలు. ఇంకొక ఉపాయము కూడా ఉన్నది. వెలిగించిన కొవ్వొత్తికి దూరముగా మైనమును వేరే గిన్నెలో కరగనిచ్చి, కొంచెము చల్లారిన తరువాత పదిపన్నెండు అగ్గిపుల్లల తలలను అందులో ముంచి ఆరబెట్టండి. తడి అంటదు. గీసేటప్పుడు ఆ మైనమును గోటితో గీకివేయవలెను. ఈ పని పెద్దలే చేయవలెను, పిల్లలకు అప్పగించరాదు.

కాబట్టి కొవ్వొత్తికి ప్లాస్టిక్ అవసరము ఏ కోశానా లేదు. నిటారుగా ఉంచే ఆధారము, నీడ, దుమ్ము పడని మూత – ఇవి ఉంటే చాలు. ఇవి మన ఇళ్ళలోనే ఉన్నవి. ఒక్కొక్కటిగా చెబుతాము.

మొదటిది గుడ్డ. మన ఆడపడుచులకు రవికెగుడ్డ పెట్టకుండా పంపము. ఆ రవికెగుడ్డనే చుట్టుగా వాడితే కానుకకు కానుక, చుట్టుకు చుట్టు. ఒకే రవికెగుడ్డ ఊరంతా తిరిగి చివరకు మొదటి ఇంటికే చేరుట మనమందరము ఎరిగినదే. దానిని చూచి నవ్వుకొంటాము. కాని చుట్టే గుడ్డకు అంతకంటె గొప్ప గుణము మరొకటి లేదు. రవికెగుడ్డ వద్దనుకొంటే దర్జీల దగ్గర మిగిలే నూలు ముక్కలు, పాత పంచె, చిరిగిన చీరలో గట్టిగా ఉన్న భాగము పనికివస్తాయి. కొలత చెబుతాము. గుడ్డను చదరముగా కత్తిరించి, మూలనుండి మూలకు కొలిస్తే అది కొవ్వొత్తి పొడవుకు మూడింతలు ఉండవలెను. జానెడు కొవ్వొత్తులు అరడజను అయితే మూరెడుపైన రెండంగుళాల చదరము సరిపోతుంది. గుడ్డను ఒక మూల మీవైపు వచ్చేటట్లు పరచి, కొవ్వొత్తులను అడ్డముగా పెట్టి, ఆ మూలతో కప్పి చివరిదాకా దొర్లించండి. మిగిలిన రెండు కొసలను నడుమకు తెచ్చి ముడి వేయండి. టేపు లేదు, గుండుసూది లేదు. వేడికి మైనపు జిడ్డు గుడ్డకు అంటకుండా లోపల ఒక ఆకో తెల్ల కాగితమో వేయండి.

జపానువారు ఈ విద్యకు ఫురోషికి అని పేరు పెట్టుకొన్నారు. 2006లో ఆ దేశపు పర్యావరణ మంత్రి యురికో కోయికే ఒక చుట్టుగుడ్డను ప్రత్యేకముగా తయారుచేయించి, ప్లాస్టిక్ సంచులకు బదులు దానిని వాడుడని ప్రచారము చేసినారు. మనకు అది కొత్త విద్య కాదు. చద్ది మూట కట్టినవాళ్ళము, కొంగున ముడి వేసికొన్నవాళ్ళము. పేరు పెట్టి గౌరవించలేదు, అంతే.

రెండవది ఆకు. మనము అడ్డాకు అనేదానిని ఇక్కడివారు సియాలి పత్రము అంటారు. చెట్లమీద అల్లుకొని పైకి పాకే పెద్ద తీగె. గజపతి, కొరాపుట్ కొండలలోనూ, మన శ్రీకాకుళము, పార్వతీపురము మన్యములోనూ గిరిజన స్త్రీలు ఈ ఆకులు కోసి తెచ్చి అమ్ముతారు. విస్తరి కుట్టే పుల్లతోనే పొట్లమూ కుట్టవచ్చును. ఎండిన ఆకు పెళుసుగా ఉంటుంది గనుక ముందు నీళ్ళు చిలకరించి తడిగుడ్డలో కాసేపు ఉంచండి. మెత్తబడినాక రెండు ఆకులను ఒకదానిమీద ఒకటి సగము కప్పి గొట్టముగా చుట్టి, పుల్లతో కుట్టి, నీడలో పూర్తిగా ఆరనిచ్చిన తరువాతనే కొవ్వొత్తులు పెట్టండి. తడి ఆకులో పెడితే బూజు పడుతుంది. కట్టడానికి అరటినార ఉన్నది. పూలదండకు చాలిన నార పొట్లమునకు చాలదా? అరటి దొప్పను నీడలో ఎండబెట్టి ముక్కలుగా కోస్తే చిన్న కొవ్వొత్తులకు చక్కని దోనె అవుతుంది. పండుగ అయినాక ఇవన్నీ మొక్క మొదట వేస్తే ఎరువు.

మూడవది కాగితము. పాత వార్తాపత్రిక వాడవచ్చునుగాని దాని సిరా మైనమునకు అంటుకొని తెల్ల కొవ్వొత్తి మసి అవుతుంది. లోపల తెల్ల కాగితము వేసి, పైన పత్రిక చుట్టండి. అంతకంటె మేలైనది గోడ కేలండరు. సంవత్సరము తిరిగేసరికి ప్రతి ఇంట రెండో మూడో పాతవి ఉంటాయి. కాగితము దళసరి, వెనుక తెలుపు. నున్నగా మెరిసేవాటిని మాత్రము ముందు పిడికిట నలిపి చూచుకొనండి. దేవుని బొమ్మ ఉన్న భాగమును వేరుగా తీసి దాచి, అంకెలున్న భాగమును వాడండి. పొట్లము విప్పి పారవేసినప్పుడు బొమ్మ కాళ్ళక్రింద పడితే ఇచ్చినవారికీ పుచ్చుకొన్నవారికీ మనసు నొచ్చుకొంటుంది. అంటించడానికి మైదాజిగురు చాలును. బొద్దింకలు రాకుండా పలుచగా రాయండి.

నాలుగవది పాత్ర. రెండు చేటలమధ్య మూసి వాయనమిచ్చుట మన ఆచారము. అక్కడ చుట్టూ కానుకే, మూతా కానుకే. సారె కావిళ్ళలో బుట్ట, బిందె కూడా ఇచ్చిన ఇంటనే ఉండిపోతాయి. ఆ పద్ధతిలో నాలుగు కొవ్వొత్తులను ఒక స్టీలు గ్లాసులో పెట్టి ఇవ్వండి, కదలకుండా ఖాళీలో శుభ్రమైన ఎండుగడ్డి దూర్చండి. పార్సెలు గుమాస్తాల పరీక్ష ఒకటే: పొట్లమును చెవిదగ్గర ఊపితే చప్పుడు రాకూడదు. వాసన కొవ్వొత్తులకు మూత బిగిసే బిస్కెట్టు డబ్బాయో గాజు సీసాయో తగినది. గంజాం మొగలి సుగంధము దేశమంతటా పేరుపడినది. ఆ వాసన కొవ్వొత్తి ఎవరైనా పోస్తే సీసాలోనే ఇవ్వండి, సీసా వంటింటిలో స్థిరపడుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పక తప్పదు. అందముకొరకు కొవ్వొత్తికే ఎండుపూలు, ఆకులు, నార దారము కట్టే అలవాటు వచ్చినది. వెలిగించినాక మంట క్రిందికి దిగి వాటిని అంటుకొంటుంది. కొబ్బరి చిప్పలో పోసిన కొవ్వొత్తి కూడా చివరకు చిప్పను కాల్చవచ్చును. కావున అలంకారమంతా చుట్టుమీదనే ఉండవలెను. వెలిగించేముందు చుట్టు, దారము పూర్తిగా తీసివేయవలెను. వత్తిని పావు అంగుళానికి కత్తిరించి, పళ్ళెములో నిలబెట్టి, తెరలకు దూరముగా ఉంచవలెను. ఊరికి పొట్లాలు తీసుకొనిపోయేవారు రైలులో వాటితో అగ్గిపెట్టెలు, బాణసంచా పెట్టరాదు. ప్రమాదకరమైన మండే సరుకు బండిలోకి తెచ్చుట 1989 రైల్వే చట్టము ప్రకారము శిక్షకు పాత్రమైన నేరము.

ఇంతవరకు చేతిపని చెప్పినాము. ఇక మనసులోని మాట ఒకటి ఉన్నది. మొన్న ఈ సంగతి ప్రస్తావించినప్పుడు ఒక పెద్దమ్మగారు అన్నారు: “నాయనా, మన ఇళ్ళలో ఎట్లా ఇచ్చినా సరే. ఒడియావాళ్ళ ఇంటికి పాతగుడ్డలో కట్టి పంపితే తెలుగువాళ్ళు పిసినారులని అనుకోరా?” ఇది కొట్టిపారవేయదగిన మాట కాదు. పొరుగు నేలమీద తరతరాలుగా బ్రతికే మనకు గౌరవము పెద్ద ఆస్తి. మన తాతలు కానుక తక్కువైనా ఇచ్చే తీరులో లోటు రానివ్వలేదు.

దానికి మా సమాధానము ఇది. మాసిన గుడ్డ అగౌరవము. ఉతికి, గంజిపెట్టి, మడత నలగకుండా కట్టిన గుడ్డ ఎన్నటికీ అగౌరవము కాదు. మెరుపు కాగితము డబ్బుతో వచ్చినది. మూట మాత్రము ఎవరో కూర్చొని కట్టినది. పుచ్చుకొనేవారికి ఆ తేడా తెలుస్తుంది. జగన్నాథుని మహాప్రసాదమును మట్టికుండలలో స్వీకరించి, విస్తరాకులో అన్నము తిని పెరిగిన ఒడియా సోదరులకు ఆకు విలువ మనము నేర్పవలసిన పని లేదు. మెరుపు కాగితముకంటె సియాలి ఆకు పొట్లమును చూచే వారు మనవారనుకొంటారు. నాలుగువారాలు తిరగకముందే వారి పణా సంక్రాంతి వస్తుంది. మనము పంపిన గుడ్డలోనే వారేదో కట్టి పంపినారంటే మన కానుక ఫలించినట్లే.

మరొక మనవి. పొట్లముమీద అచ్చు స్టిక్కరు అంటించవద్దు. అట్టముక్క కత్తిరించి, దారముతో కట్టి, దానిమీద పిల్లలచేత రాయించండి. మన పిల్లలు ఇంటిలో తెలుగు మాట్లాడుతారు. బడిలో ఒడియా, ఇంగ్లీషు రాస్తారు. తెలుగు అక్షరము రాసే అవసరము వారికి సంవత్సరములో ఎన్నిసార్లు వస్తున్నది? “ఉగాది శుభాకాంక్షలు” అని ఒక వరుస తెలుగులోనూ, క్రింద ఒక వరుస ఒడియాలోనూ పది చీటీలు రాసిన పిల్లవానికి ఆ అక్షరాలు చేతికి వస్తాయి. వంకరగా ఉన్నా ఫరవాలేదు. అచ్చులో ఆ వంకర దొరకదు.

ఇప్పుడు చేయవలసినది క్లుప్తముగా చెప్పి ముగిస్తాము. వచ్చే ఆదివారమునాటికి ప్రతి ఇంటివారు ఉతికిన రెండు నూలుగుడ్డ ముక్కలు, ఒక పాత కేలండరు, ఒక ఖాళీ సీసా సంఘ మందిరానికి పంపవలెను. కొవ్వొత్తులను కట్టలుగా ఒకేసారి కొనుక్కొందాము, చిల్లర పెట్టెలు మనకు అక్కరలేదు. ఆకులు కుట్టడము తెలిసిన అత్తలు, అమ్మమ్మలు ఒక పూట కూర్చొని కోడళ్ళకు, మనుమరాండ్రకు నేర్పవలెను. మగవారు గుడ్డలు కత్తిరించి ముడులు వేయవలెను. ముడి సరిగా రాకపోతే ఆ పూట మేము అక్కడే ఉంటాము, ఎన్నిమార్లైనా చూపిస్తాము. చీటీల పని పిల్లలది.

పొట్లములు అందుకొన్నవారు కొవ్వొత్తులను అటకమీద పెట్టక, చల్లని గదిలో పెట్టె అడుగున పడుకోబెట్టి, పక్కన అగ్గిపెట్టె సీసాను ఉంచి, అవి ఎక్కడ ఉన్నవో ఇంటిల్లిపాదికీ చెప్పి ఉంచండి. చీకటిలో వెదుకవలసిన వస్తువు చేతికి తగిలే చోట ఉండవలెను.

ఆ కొవ్వొత్తులు వెలిగించవలసిన రాత్రి మనకు రాకుండుగాక. వచ్చినప్పుడు ప్రతి ఇంటా నాలుగు వెలుగుగాక. మన కాలువలు పారుగాక.